వార్పు అతికే చేతికి ఊరంతా డాక్టర్లే

నా చేతులకు వచ్చిన జబ్బు గురించి ధర్మవరంలో నాకు తప్ప అందరికీ తెలుసు. పాలు పోసే ఆమెకు తెలుసు. ఆటో నడిపే అతనికి తెలుసు. గ్యాస్ బండ దింపి సంతకం పెట్టించుకునే మనిషి కూడా నా వేళ్ళ వంక ఒక్క చూపు చూసి, "వేడి చేసిండాదక్కా, మజ్జిగ తాగు" అని తీర్పు చెప్పి బండెక్కి పోయాడు. డాక్టరీ చదవాలంటే ఏళ్ళకేళ్ళు పడుతుందని విన్నాను. మా వీధిలో మాత్రం ఎదుటి మనిషి చెయ్యి ఒకసారి చూస్తే చాలు, చదువు పూర్తయినట్టే.

నాది వార్పులు అతికే పని. తెలియని వాళ్ళ కోసం చెబుతాను. మగ్గం మీద పొడవుగా సాగే నిలువు పోగుల్ని వార్పు అంటాం. ఒక వార్పు నేత అయిపోవచ్చినప్పుడు దాని కొసలు మగ్గంలోనే వదిలేస్తారు. కొత్త వార్పు తెచ్చి, ఆ పాత కొసలకు కొత్త కొసలు ఒక్కొక్కటిగా కలపాలి. ముడి వెయ్యకూడదు, ముడి వేస్తే మగ్గం మీది దువ్వెన లాంటి అచ్చులోంచి జారి రాదు. బూడిద అద్దుకున్న వేళ్ళ మధ్య రెండు కొసలూ పెట్టి ఒక పురి తిప్పితే అతుక్కుంటాయి. బూడిద లేకపోతే పట్టు వేళ్ళలో నిలవదు. ఇట్లా వేల పోగులు. పొద్దున కూర్చుంటే నడుము పడిపోయేదాకా అదే పని. మా అమ్మ నేర్పింది. పదో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలం నుంచి ఇదే నా బతుకు.

వార్పు అతకడానికి వచ్చిన మనిషికి ఆ ఇంటివాళ్ళే మధ్యాహ్నం అన్నం పెట్టాలి, అది మా దగ్గర పద్ధతి. అందువల్ల ఏ ఇంట్లో పప్పు పలచగా ఉంటుందో, ఏ ఇంట్లో నెయ్యి చుక్క లెక్కన పడుతుందో నాకు నోటికి వచ్చు. నా పనిలో సగం ఒకే ఇంట్లో. చీరల షావుకారు ఇల్లు అది, వెనక షెడ్డులో మగ్గాలు వరసగా ఉంటాయి. అక్కడి వ్యవహారమంతా షావుకారమ్మదే. నాకంటే ఐదారేళ్ళు పెద్ద, నేను అక్కా అంటాను. ఆమె చేసే గుత్తివంకాయ కూర గురించి మా వాడలో చెప్పని వాళ్ళు లేరు. శెనక్కాయల పొడి దట్టించి, నూనె పైకి తేలేలా చేసేది. నిజం చెప్పాలంటే ఉప్పు ఎక్కువ. ఎప్పుడూ ఎక్కువే. కానీ షావుకారమ్మకు ఎవరు చెబుతారు? "భలే ఉండాదక్కా" అని తిని, రెండు చెంబుల నీళ్ళు తాగి లేచేదాన్ని. ఆమె మాత్రం ఆ కూర ముట్టేది కాదు. "నాకు వంకాయ పడదులేమ్మే" అనేది. అనంతపురం ఎండల్లో కూడా మణికట్టు దాకా చేతుల జాకెట్టు వేసుకునేది, చెవుల మీద దాకా దిగేలా కనకాంబరాలు పెట్టుకునేది. డబ్బున్నవాళ్ళ దర్జా అట్లా ఉంటుందిలే అనుకునేదాన్ని.

ఇక నా జబ్బు. అది మొదలైన రెండేళ్ళ దాకా అది జబ్బని నాకు తెలియలేదు. ఎందుకంటే అది బూడిద అనుకున్నాను.

నవ్వకండి. వార్పులు అతికే వాళ్ళ చేతులు ఎప్పుడూ తెల్లగానే ఉంటాయి. వేళ్ళ కణుపుల మీద తెల్లగా పొట్టు లేస్తుంటే బూడిద సరిగ్గా కడుక్కోలేదనుకున్నాను. కడిగితే పోయేది, ఆరగానే మళ్ళీ వచ్చేది. బూడిద అట్లా చెయ్యదు కదా అని ఈ మట్టిబుర్రకు తట్టలేదు. మోచేతి మీద కనిపిస్తే, బూడిద డబ్బా పక్కన మోచెయ్యి ఆనించి ఉంటానన్నాను. మోకాలి మీద కనిపిస్తే, వంగి కూర్చున్నప్పుడు రాలి ఉంటుందన్నాను. తలలో కనిపిస్తే ఆ చేత్తోనే గోక్కున్నాను కదా అన్నాను. మా ఆయన నేతగాడు. ఆయనా బూడిదే అన్నాడు. మా వాడలో ఎవరిని అడిగినా బూడిదే అన్నారు. ఇంకో ఊళ్ళో అయితే మొదటి నెలలోనే ఎవరో ఒకరు అనుమానపడేవాళ్ళు. మాకు తెల్లగా ఏది కనిపించినా బూడిదే.

ఒక ఆషాఢంలో మగ్గాలు ఖాళీగా పడి ఉండి, ఇరవై రోజులు నేను బూడిద ముట్టలేదు. డబ్బా అటక మీద ఉంది. చేతులు మాత్రం ముందుకంటే తెల్లగా ఉన్నాయి. అరచేతుల్లో పగుళ్ళు వచ్చాయి, పగుళ్ళలో నెత్తురు కనిపించింది. ఆ రోజు భయమేసింది. ఎవరికీ చెప్పలేదు. శ్రావణంలో పని మొదలుకాగానే గబగబా షావుకారమ్మ ఇంటికి పోయి వార్పు ముందు కూర్చున్నాను.

కుంకుమ రంగు వార్పు అది. అరచేతి పగుళ్ళకు పోగులు తగులుకుని తెగుతున్నాయి. ఎర్రటి పట్టు మీద తెల్లటి పొట్టు రాలి, దాచుకోవడానికి లేకుండా కనబడుతోంది. షావుకారమ్మ వచ్చి నా వెనక నిలబడింది.

"ఏమ్మే, ఏందది?"

"బూడిదక్కా."

ఆమె చాలాసేపు చూసింది. ముట్టుకోలేదు. "అది బూడిద కాదు" అంది. "నయం చేసుకోని రా మే. అంతదాకా ఈ పక్కకు రావద్దు. ఆడ పన్నెండు మంది కూచోని నేస్తాండారు, అందరికీ అంటుకుంటే ఎవురు జవాబు చెప్పల్ల?"

సగం అతికిన వార్పు వదిలేసి లేచి వచ్చేశాను. అన్నం కూడా తినలేదు. ఆ ఇంట్లో వద్దన్నారంటే మిగతా ఇళ్ళు ఊరుకుంటాయా? పది రోజుల్లో నన్ను పిలిచే ఇళ్ళు రెండో మూడో మిగిలాయి. ఆ ఇళ్ళలో ఒకదానిలో నాకు వేరే గ్లాసు పెట్టారు. ఆ గ్లాసు అంచు కింద గుర్తుగా ఎర్రదారం కూడా కట్టారు, మళ్ళీ మరిచిపోయి తాము తాగకుండా. నేను అతికిన పోగుతో నేసిన చీర కట్టుకుంటారట గానీ, నేను తాగిన గ్లాసు ముట్టుకోరట. ఇంటికొచ్చి ఏడ్చాను. తర్వాత కోపం వచ్చింది. ఇది అంటుకుంటుందా, అంటుకోదా? పోతుందా, పోదా? నా పని నాకు మిగులుతుందా? ఈ మూడు ముక్కలు తెలుసుకుంటే చాలుననుకున్నాను. అంత సులభంగా తెలిసే పనైతే ఇంత రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

మొదట మందుల షాపు. షాపాయన కౌంటరు అవతలి నుంచే నా చెయ్యి చూసి, "సోరియాసిస్" అన్నాడు. పేరైతే తెలిసింది, ఆయనకు ఆ పుణ్యం దక్కాలి. ఒక సన్నటి ట్యూబు ఇచ్చి, "పూస్కోక్కా, మూడు దినాల్లో అద్దమైతాది" అన్నాడు. నిజంగానే అద్దమైంది! ఆ చేతులు చూసుకుని నేను మురిసిన మురుపు చెబితే సిగ్గుచేటు. వీధిలో కనబడిన ప్రతివాళ్ళ ముందూ అరచేతులు తిప్పి తిప్పి చూపించాను. షావుకారమ్మకు ఫోను చేశాను. ఆమె అంతా విని, "ట్యూబు ఆపినాక మళ్ళా వస్తాది మే. ముందుకంటే ఎక్కువొస్తాది, సూసుకో" అని పెట్టేసింది. కళ్ళలో నిప్పులు పోసుకుంటోందని తిట్టుకున్నాను. ట్యూబు ఆపిన పదిహేను రోజులకు మోచేతుల నుంచి భుజాల దాకా పాకింది. షాపాయన దగ్గరికి పరిగెత్తితే నిమ్మకు నీరెత్తినట్టు, "ఇంకో ట్యూబు ఇస్తా ఉండు" అన్నాడు.

ఆ తర్వాత ఫోను. జబ్బు పేరు టైపు చేసిన పాపానికి ఆ రోజు నుంచి నా ఫోను నాకు వైద్యం చెయ్యడం తప్ప ఇంకో పని పెట్టుకోలేదు. తెల్లకోటు వేసుకున్న ఒకాయన వెనక అలమార నిండా పుస్తకాలు పెట్టుకుని, ఒక్క పుస్తకం కూడా తియ్యకుండా, "ఈ ఒక్క ఆకు చాలు" అంటాడు. ఆకు పేరు చెప్పడానికి పావుగంట తీసుకుంటాడు. చివరికి చెప్పేది వేపాకు. ఇంకొకామె వంటింట్లో నిలబడి పసుపు, తేనె కలిపి చూపిస్తుంది. చెంచాతో కలిపినంతసేపూ తన కోడలి గురించి చెబుతుంది. ఇంకో వీడియోలో మందుకు ముందు చెయ్యి, మందు తర్వాత చెయ్యి ఫొటోలు పెట్టారు. ముందు చేతికి ఆరు వేళ్ళు ఉన్నాయి, తర్వాత చేతికి ఐదే. జబ్బుతో పాటు వేలు కూడా నయమైపోయింది. కింద వందమంది దండాలు పెట్టారు. వేళ్ళు లెక్కపెట్టింది నేనొక్కదాన్నే అనుకుంటా. పోగులు లెక్కపెట్టే అలవాటు మరి.

విచిత్రం ఏమిటంటే, నన్ను గడప తొక్కవద్దన్న షావుకారమ్మే ఈ వీడియోలు ఎక్కువ పంపేది. పొద్దున్నే ఒకటి, మధ్యాహ్నం ఒకటి. ఊరికే పంపి ఊరుకునేది కాదు, ఫోను చేసి వివరాలు చెప్పేది. "కుందుర్పి దాటినాక ఒక పల్లెలో పసరు మందు పోస్తారు మే. పరగడుపున తాగల్ల. మూడో దినం నోరంతా పూస్తాది, భయపడాకు." నాకు ఒళ్ళు మండేది. ఇంట్లోకి రానివ్వదు గానీ సలహాలకు మాత్రం తక్కువ లేదు! అయినా పెద్దింటి మనిషి, నలుగురిని విచారించి చెబుతోందిలే అని ఆ మందుకూ పోయాను.

మా ఆయన, నేను రెండు బస్సులు మారి పోయాము. పసరు పోసే ఆయన నా చెయ్యి చూడనేలేదు. చూడకుండానే, "నాకు తెలుసులే" అన్నాడు. ఆకుపచ్చటి నీళ్ళు ఒక లోటా పోసి, పథ్యం చెప్పాడు. వంకాయ వద్దు. ఎండుచేప వద్దు. చింతపండు వద్దు. ఉర్లగడ్డ వద్దు. శెనక్కాయలు వద్దు.

"శెనక్కాయల నూనె?" అని అడిగాడు మా ఆయన.

"అదీ వద్దు."

అనంతపురం జిల్లాలో పుట్టిన మనిషిని శెనక్కాయలు లేకుండా బతకమన్నాడు. మా చట్నీలో అదే, మా పొడిలో అదే, మా తాలింపులో అదే, ఊరికే కూర్చుంటే నోట్లో వేసుకునేదీ అదే. సరేనని తలూపాను. మూడో రోజు షావుకారమ్మ చెప్పినట్టే నోరంతా పూసింది. ఆమె చెప్పింది చెప్పినట్టు జరుగుతోందని మా ఆయన ఆమెను మెచ్చుకున్నాడు. ఆమెకు అంత కచ్చితంగా ఎట్లా తెలుసో మా ఇద్దరిలో ఒక్కరికీ అనుమానం రాలేదు.

పథ్యం అక్కడితో ఆగితే బాగుండేది. పక్క వీధిలో ఒకామె పాలు మానమంది. ఇంకొకాయన రాగులు వేడి, సంగటి మానమన్నాడు. ఆటో అతను పులుపన్నీ మానమన్నాడు. అందరివీ ఒక కాగితం మీద రాసి చూసుకుంటే తినడానికి అన్నమూ నీళ్ళూ మిగిలాయి. గాలి పీల్చుకోవచ్చునేమో అనుకుంటే, తూర్పు గాలి ఈ జబ్బుకు పడదని చెప్పాడు ఒక పెద్దమనిషి. ఇంకో ముసలామె నా చెయ్యి చూసి, పోయిన జన్మలో నేను పామును కొట్టానంది. నా పోయిన జన్మ సంగతి ఇంత వివరంగా తెలిసిన ఆమె, తన ఇంట్లో పోయిన వారం పోయిన కోడి ఎక్కడుందో తెలియక ఊరంతా వెతుక్కుంటోంది.

అట్లా ఏడాది గడిచింది. ఆరు కిలోలు తగ్గాను. జబ్బు తగ్గలేదు. చేతుల్లో పని లేదు. పొద్దున లేస్తే వేళ్ళు మడతపడేవి కావు, తలుపు గొళ్ళెం తియ్యాలన్నా కాసేపు ఆగాల్సి వచ్చేది. ఒకరోజు మా ఆయన పళ్ళెంలో శెనక్కాయల చట్నీ చూసి నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆయన లేచి చెయ్యి కడుక్కుని, "పద, అనంతపురం పోదాం. ఒక్కసారి చర్మం డాక్టరుకు సూపిచ్చి వద్దాం. ఈ ఊరి డాక్టర్లు సాలు" అన్నాడు. ముందే ఎందుకు పోలేదని మీరు అడగొచ్చు. నేనూ అడుక్కున్నాను. ఊరంతా ఉచితంగా వైద్యం చేస్తుంటే ఇంకో డాక్టరు దగ్గరికి పోవాలని మనిషికి తోచదు.

డాక్టరు చిన్నపిల్ల. మాకొక అమ్మాయి పుట్టి ఉంటే ఆ వయసు ఉండేది. నేను కూర్చోగానే జబ్బు గురించి అడగలేదు. "ఏం పని చేస్తారమ్మా?" అని అడిగింది. ఏడాదిగా ఇంతమంది వైద్యం చేశారు, ఒక్కరూ అడగని ప్రశ్న అది. చెప్పాను. వార్పు, పురి, బూడిద, అన్నీ. ఆమె వింటూనే నా చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది. గ్లౌజులు లేవు. వట్టి చేతులు. పగుళ్ళ మీద బొటనవేలితో మెల్లగా తడిమింది. మా ఆయన తప్ప నన్ను ఎవరైనా ముట్టుకుని ఏడాది దాటింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆమె చూసీ చూడనట్టు ఊరుకుంది.

"ఇది అంటుకోదమ్మా. మీ నుంచి ఎవరికీ రాదు" అంది.

"వంకాయ తింటే?"

"తినండి."

"శెనక్కాయలు?"

"తినండమ్మా. మీకు ఏదైనా తిన్నప్పుడల్లా ఎక్కువవుతోందని మీరే గమనిస్తే అది మానండి. ఎవరో చెప్పారని మాత్రం మానకండి."

"పామును..." అని మొదలుపెట్టబోయి మానుకున్నాను. "ఎన్నాళ్ళకు పోతాదమ్మా?"

ఆమె నా మొహం చూస్తూ చెప్పింది. "పూర్తిగా పోతుందని నేను చెప్పను. తగ్గుతుంది, మళ్ళీ రావచ్చు. అదుపులో పెట్టుకోవచ్చు. దీనితో బాగానే బతకొచ్చు."

నాకు ఒక్కసారిగా రోషం పొడుచుకొచ్చింది. "పసరు పోసే ఆయన మూడు లోటాల్లో పోతాదన్నాడు. షాపాయన మూడు దినాల్లో అన్నాడు. ఇంత సదువుకోని నువ్వు పోదంటావేమ్మా?" అన్నాను. మా ఆయన నా మోచెయ్యి గిల్లాడు. డాక్టరమ్మ నవ్వేసింది. "వాళ్ళకు నేను పోటీ రాలేనమ్మా" అంది.

తర్వాత, పొద్దున్నే వేళ్ళు బిగుసుకుంటున్నాయా అని అడిగింది. ఈ జబ్బు కొందరికి కీళ్ళకు కూడా వస్తుందట. ఆ సంగతి ఒక్క వీడియో చెప్పలేదు. దానికి పరీక్షలు రాసింది. షాపాయన ట్యూబు పేరు చెబితే తల పట్టుకుంది. అట్లాంటివి డాక్టరు చెప్పినన్నాళ్ళు, చెప్పినంతే పూసి, చెప్పినట్టే తగ్గించుకుంటూ రావాలట. చివరికి చేతులు ఎప్పుడూ జిడ్డుగా ఉంచుకోమంది. అక్కడ నేను అడ్డం పడ్డాను. జిడ్డు చేత్తో పట్టు ముడితే మరక. మరక పడితే చీర పోయినట్టే. జిడ్డు లేకపోతే పగుళ్ళకు పోగు తెగుతుంది. బూడిద లేకపోతే పోగు నిలవదు.

ఆమె కలం పక్కన పెట్టి ఆలోచించింది. "పట్టు పని చేసేవాళ్ళు ఏం చెయ్యాలో నేను చదివిన పుస్తకాల్లో లేదమ్మా. నాకు తెలియదు" అంది. ఏడాదిలో నాకు తెలియదు అన్న మొదటి మనిషి ఆమె. ఆ మాటతోనే నాకు ఆమె మీద నమ్మకం కుదిరింది. ఇద్దరం కూర్చుని ఒక పద్ధతి కుదుర్చుకున్నాము. పడుకునే ముందు మందు, దాని మీద మెత్తటి పాత గుడ్డ. పొద్దున తుడిచి కడిగి, బాగా ఆరాక పని. పని కాగానే బూడిద కడిగేసి మళ్ళీ జిడ్డు. బట్టల సోడా, గట్టి సబ్బు ముట్టకూడదు. "రెండు నెలలు చేసి, ఏమైందో వచ్చి నాకు చెప్పండి" అంది.

లేచేముందు ఒక కోరిక కోరాను. ఇది అంటుకోదని చీటీ వెనక తెలుగులో రాసివ్వమన్నాను. రాసింది. స్టాంపు కూడా కొట్టమన్నాను. మా ఊళ్ళో ఆకుపసరుకు స్టాంపు అక్కర్లేదు గానీ, నిజానికి మాత్రం కావాలి.

ఆ చీటీని లామినేషన్ చేయించి బూడిద డబ్బాలో పెట్టుకున్నాను. ఇంటింటికీ తీసుకుపోయి చదివించాను. "డాక్టర్లు అట్లే సెప్తారులే" అన్నవాళ్ళు ఉన్నారు. చీటీని కూడా కొంగుతో పట్టుకుని చదివినవాళ్ళు ఉన్నారు. అయినా చేతుల పగుళ్ళు మూసుకునే కొద్దీ ఒక్కొక్క ఇల్లు మళ్ళీ పిలిచింది. ఎర్రదారం గ్లాసు ఇంటికి మాత్రం నేనే పోలేదు. షావుకారమ్మ దగ్గర నుంచి పిలుపు రాలేదు. చీటీ ఫొటో తీసి పంపాను, చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. ఆ రోజు నుంచి వీడియోలు పంపడం కూడా మానేసింది.

నాలుగు నెలల తర్వాత ఆమె ఫోను. నా బదులు పిలిపించుకున్న మనిషి అతికిన వార్పులో సగం అతుకులు ఊడిపోయాయట. పెళ్ళి చీరలు, గడువు దగ్గర పడింది. "రామ్మే" అంది, అంతే. పోకూడదనుకున్నాను. పోయాను. నా చేతుల మీద నాకు ఇంకా సందేహం ఉంది, ఆ వార్పు మీద కూర్చుంటే గానీ అది తీరదు.

గడప దగ్గరే ఆగి చీటీ తీసి చూపించాను, కావాలనే. ఆమె దాన్ని చదవలేదు. నా మణికట్టు పట్టుకుని లోపలి గదిలోకి లాక్కుపోయి తలుపు వేసింది. కనకాంబరాలు తీసి మంచం మీద పడేసింది. జుట్టు పక్కకు తీసి చెవి వెనక చూపించింది. జాకెట్టు చెయ్యి పైకి లాగింది. మణికట్టు నుంచి మోచెయ్యి దాకా తెల్లటి పొట్టు, ఎర్రటి మచ్చలు.

"ఏందక్కా ఇది?" అన్నాను.

"బూడిదలేమ్మే" అంది. నవ్వబోయి ఏడ్చింది.

పద్దెనిమిదేళ్ళుగా ఉందట. మొగుడికి తప్ప ఎవరికీ తెలియదట. పసరు మందు రెండుసార్లు తాగింది. ట్యూబులు లెక్కలేనన్ని పూసింది. నాకు పంపిన ప్రతి మందూ ఆమె వాడి చూసిందే. "నువ్వు రోజూ నా ఎదురుగా కూచుంటే కనిపెడతావని భయమైంది మే. నీకూ ఇదే కదా, నాది కొంచెం కనబడినా ఏందో నీకు తెలిసిపోతాది. అందుకే అంటుకుంటాదని చెప్పి పంపించినా."

నాకు కోపం ఆగలేదు. "ఏడాది, అక్కా! ఏడాది నా కూడు తీసేసినావు. అంటుకోదని నీకు తెలుసు. పద్దెనిమిదేండ్లు పక్కన పడుకున్న నీ మొగునికే అంటుకోల్యా" అన్నాను. ఇంకా చాలా అన్నాను, ఇక్కడ రాయను. ఆమె ఒక్క మాటకూ అడ్డం చెప్పలేదు. నేను ఆయాసపడి ఆగాక అడిగింది.

"నీకు పోయిందా మే?"

మా వీధిలో వైద్యులంతా ఆ క్షణంలో నా నోటి కొసన నిలబడ్డారు. పోయిందని చెప్పడం ఎంత సులభమో నాకు అప్పుడు తెలిసింది. "పోలేదక్కా. పూర్తిగా పోదంట. తగ్గిండాది. మళ్ళా వస్తే మళ్ళా సూసుకోవల్ల" అన్నాను.

ఆమె మంచం మీద కూలబడింది. "పోదని ఎవురూ సెప్పలేదు మే. అందరూ పోతాదనే సెప్పినారు. పోకపోతే నాదే తప్పనుకుంటి. పథ్యం సరిగ్గా చెయ్యలేదేమో అని ఇంకా గట్టిగా చేస్తి." కొంగుతో మొహం తుడుచుకుంది. చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది. "వంకాయ తినొచ్చునా?"

"తినొచ్చంట."

"డాక్టరమ్మే సెప్పిందా?"

"డాక్టరమ్మే సెప్పింది. స్టాంపు కావల్నా?"

నేను పోయి వార్పు ముందు కూర్చున్నాను. ఊడిన అతుకులన్నీ తీసి మళ్ళీ పురి తిప్పాను. మధ్యాహ్నానికి మూడో వంతు అయ్యింది. ఒక్క పోగు తెగలేదు. ఆ మాట మళ్ళీ పోయినప్పుడు డాక్టరమ్మకు చెప్పాలని మనసులో రాసుకున్నాను.

షావుకారమ్మ రెండు పళ్ళేలు తెచ్చింది. ఎప్పుడూ ఒకటే తెచ్చేది. నా ఎదురుగా చాప మీద కూర్చుంది. కనకాంబరాలు మళ్ళీ పెట్టుకోలేదు. షెడ్డులో నేసేవాళ్ళు ఒకరిద్దరు తలెత్తి చూశారు, మళ్ళీ నేతలో పడ్డారు. నా పళ్ళెంలో రెండు వంకాయలు వేసి, తన పళ్ళెంలో ఒకటి వేసుకుంది. దాన్ని కాసేపు చూసింది. అన్నంలో కలుపుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపింది.

"ఉప్పెక్కువైండాదే" అంది.

నేను నీళ్ళ చెంబు అందుకున్నాను.

"ఏమ్మే, ఈ పొద్దేనా, ఎప్పుడూ ఇంతేనా?"

"ఎప్పుడూ ఇంతేనక్కా."

"పద్దెనిమిదేండ్లా! మరి ఒక్కరన్నా సెప్పలేదే నాకు?"

ఆ చెప్పనివాళ్ళలో నేనూ ఉన్నాను. తల వంచుకుని ముద్ద కలుపుకున్నాను.